ఓమం అర్కు కేసు

ప్రభుత్వ రసాయన పరీక్షాకేంద్రాల్లో కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడడానికి వస్తుంటారు. కాఫీ తాగినంతసేపు మర్యాదగా ఉండి, గ్లాసు కింద పెట్టగానే అసలు సంగతి అడుగుతారు: "మేడమ్, మీరు అందరితో పోట్లాడేవారట కదా, నిజమేనా?"

నిజమే. యాభై నిండకుండానే ఉద్యోగం వదులుకుని ఇంటికి వచ్చేశాను. నా వీడ్కోలు సభలో మైసూరుపాకు తింటున్నవాళ్ల మొహాల్లో కనిపించిన ఆనందం మైసూరుపాకు వల్ల కలిగింది కాదని గ్రహించలేనంత అమాయకురాలిని కాదు. అయితే పోట్లాటల్లో దండగవీ ఉంటాయి, పనికొచ్చేవీ ఉంటాయి. నా లెక్కలో దండగవే ఎక్కువ. పనికొచ్చిన ఒక దాని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. కొందరు బతికే ఉన్నారు, కొందరి పిల్లలు నాకు బస్సులో సీటు ఇస్తుంటారు.

డెబ్బైల చివరి మాట. మా పరీక్షాకేంద్రం చిత్తూరులో ఒక పాత మిద్దె ఇంట్లో ఉండేది. సారాయి కంట్రాక్టర్ల రాజ్యం నడుస్తున్న కాలం అది. వేలంలో పాడుకుని అంగళ్లు పెట్టుకున్నవాళ్లకు నాటుసారా కంట్లో నలుసు. ఎక్కడ పొగ లేచినా వాళ్ల మనుషులు ఉప్పందించేవారు, ఆబ్కారీ వాళ్లు వెళ్లి పట్టుకునేవారు, లక్క ముద్రలు వేసిన సీసాలు మా బల్లమీదికి వచ్చేవి. మేం చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. సీసాలో ఉన్నదాన్ని గాజుబుడ్డిలో పోసి కాచి, వచ్చిన ఆవిరిని చల్లార్చి పట్టి, ఆ పట్టినదాన్ని తూచడం. ఆల్కహాలు ఉంటే అదే కొలత నీళ్లకన్నా తేలిగ్గా తూగుతుంది. లేకపోతే నీళ్లంత బరువే ఉంటుంది. దీనికోసం నేను ఎమ్మెస్సీ చదివానా అని మొదటి నెలలో ఏడ్చాను కూడా.

బంగారుపాళ్యం దగ్గర మామిడితోపుల మధ్య ఒక పల్లెలో ఒక హకీం ఉండేవాడు. ముసలాయన. యునాని వైద్యం. ఆయన లేహ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆయన దింపే ఓమం నీళ్లకు మాత్రం చుట్టుపక్కల పేరుండేది. మనవైపు పసిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ముందు ఓమం నీళ్లే కదా పట్టేది. ఆయన సీసాల మీద ఉర్దూలోనూ తెలుగులోనూ చేతిరాతతో "ఓమం అర్కు" అని అంటించేవాడు.

అసలు చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. అర్కు అంటే యునాని వాళ్ల భాషలో కాచి ఆవిరి పట్టి దింపిన మందునీళ్లు. అరబ్బీలో ఆ మాటకు మూలార్థం చెమట. కాగుతున్న పాత్ర మూత లోపల బొట్లు బొట్లుగా పడుతుంది చూడండి, ఆ చెమట. ఇంగ్లీషువాళ్లు సారాయిని అరాక్ అన్నారే, అదీ ఆ చెమటే. ఒకే తల్లి బిడ్డల్లో ఒకడు వైద్యశాలకు పోయాడు, రెండోవాడు సారాయి అంగడికి పోయాడు. మా కథలోని ఆబ్కారీ ఇన్‌స్పెక్టరుకు రెండోవాడితోనే పరిచయం.

ఎవరో చెప్పారు, ఆయన వెళ్లాడు. పెరట్లో పొయ్యిమీద రాగిపాత్ర, దానికి ముక్కున్న మూత, ముక్కునుంచి గొట్టం, గొట్టం చివర సీసా, సీసామీద ఆ మాట. ఇంట్లో వెతికితే బెల్లం దిమ్మ కూడా దొరికింది. చిత్తూరు జిల్లాలో ఇంట్లో బెల్లం ఉండడం నేరమైతే ముందు జడ్జీగారి వంటింటినుంచి సోదా మొదలుపెట్టాలి. ఇన్‌స్పెక్టరు ఒక సీసా మూత తీసి, గుడ్డపేలిక ముంచి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. భగ్గుమంది. ఇంకేం కావాలి? పంచనామా రాశారు. ఇంగ్లీషులోకి ఎక్కేటప్పటికి అర్కు కాస్తా అరాక్ అయి కూర్చుంది. వెంట వచ్చిన జవాను అలవాటు ప్రకారం గడ్డపార తీసుకుని పాత్ర అడుగున ఒక పోటు పొడిచాడు. పట్టుకున్న బట్టీకి బొక్క పెట్టనిదే వాళ్లకు ఆ రోజు పని పూర్తయినట్టు ఉండదు.

సీసాలు నా బల్లమీదికి వచ్చాయి. లక్క ముద్రలు పగలగొట్టి మూత తీయగానే గదంతా ఓమం వాసన. కాచాను, పట్టాను, తూచాను. నీళ్లు. అనుమానం తీరక ఇంకో సీసా విప్పాను. అవీ నీళ్లే. పైన మాత్రం పలచగా నూనె తెట్టు ఉంది. ఓమంలోని నూనె అది.

"ఆల్కహాలు లేదు" అని రాసి మా పెద్దాయన ముందు పెట్టాను. ఆయన మా కేంద్రానికి అధికారి. చెడ్డవాడు కాదు. ఏ శాఖతోనూ మాట పడకుండా రిటైరైపోవాలన్నది ఆయన చేస్తున్న ఏకైక పరిశోధన. కాగితం చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"లేదంటే ఎట్లమ్మా? వాళ్లు గుడ్డ ముంచి అంటించినారు, మండింది. పంచనామాలో ఉండాది."

"మండేదంతా సారాయైతే కిరసనాయిలు అంగడిమీద ఎందుకు పడలేదు సార్ వాళ్లు?"

"నీ నోరుండాదే... సరే, ఒక చిన్న మాట చేర్చు. సీసా మూత వదులుగా ఉండినందువల్ల ఆల్కహాలు ఆవిరైపోయి ఉండవచ్చు అని. నీ మాటా నిలబడతాది, వాళ్ల మాటా నిలబడతాది."

"మూత బిర్రుగా ఉండింది సార్. లక్క పగలగొట్టింది నేనే."

"వదులుగా ఉండిందని రాయమన్లేదమ్మా. ఉండవచ్చు అని రాయమంటా ఉండాను."

పిల్లలూ, మన ఉద్యోగంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ద్రావకం గంధకామ్లం కాదు. "ఉండవచ్చు" అనే మాట. ఆ ఒక్క వాక్యం నేను చేరిస్తే ముసలాయన జైలుకు పోతాడు, పాత్ర జప్తయిపోయి పాత సామాన్ల వేలంలోకి పోతుంది. చేర్చనన్నాను. "అయితే కోర్టులో నువ్వే పోయి చెప్పుకో" అన్నాడు. పోతానన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ తుడుచుకున్నాడు.

కేసు వాయిదాల్లో ఉండగా ఒక పూట హకీం మా కేంద్రం గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నిందితుడితో మేం మాట్లాడకూడదు. నేను మాట్లాడలేదు, పోట్లాడాను.

"అమ్మా, నా సీసాలు తాగి చూసినారా?"

"ఈడికి మీరు రాకూడదు. పోండి."

"పోతాను. ముందు చెప్పండి, తాగి చూసినారా, ఊరికే పొయ్యిమీద పెట్టి తగలేసినారా? ఒక్క మూత తాగుంటే తెలిసేది. ఆకలి లేనోడికి ఆకలి పుడతాది, ఉబ్బసం పోతాది, చెవుడు పోతాది..."

"చెవుడు పోతాదా? ఓమం నీళ్లకు?"

"ఎందుకు పోదు? మీరు యాడ చదివినారు?"

"తిరుపతిలో."

"ఆడ ఇదంతా చెప్పరులే" అని నన్ను జాలిగా చూశాడు. నాకు ఒళ్లు మండింది. గేటు మూయబోతుంటే అన్నాడు: "సీసాలు పోతే పోనీ తల్లీ. నా అంబీఖు యాడుండాదో అది చెప్పు. దానికి పెట్టిన బొక్క అతుకు పడేదేనా?"

అంబీఖు. నా చేయి గేటుమీదే ఆగిపోయింది. ఇంగ్లీషు కెమిస్ట్రీ పుస్తకాల్లో పాతకాలపు బట్టీ బొమ్మ కింద అలెంబిక్ అని ఉంటుంది. అరబ్బీ అల్ అంబీఖ్‌కు దొరలు పెట్టుకున్న ముద్దుపేరు అది. అడుగుపాత్రను ఈయన ఆ మాటల్లోనే ఖరా అన్నాడు. సొరకాయ అని దాని అర్థం. ఆకారం అదే కదా. మా లాబులో నేను రోజూ కాచే గాజుబుడ్డి ఆకారమూ అదే. గాజుబుడ్డి, ముక్కు, చల్లార్చే గొట్టం, కింద పట్టే సీసా. ఒకటే వరస. బంగారుపాళ్యం పెరట్లో రాగితో ఉంటే నేరం, చిత్తూరు మిద్దెలో గాజుతో ఉంటే సాక్ష్యం.

ఇది నాకెలా తెలుసో చెప్పాలి. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు రసాయన శాస్త్ర చరిత్ర అని ఒక అధ్యాయం ఉండేది. మా లెక్చరరు "ఇది పరీక్షలో రాదు" అని పేజీలు తిప్పేశాడు. వద్దన్న పేజీలు చదవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. అందులో పన్నెండు వందల ఏళ్ల కిందట అరబ్బు దేశాల్లో కూఫా అనే ఊళ్లో ఇలాంటి అంబీఖుతో పనిచేసిన ఒక ముస్లిం రసవాది సంగతి ఉంది. ఎవరి పేరూ రాయనన్నాను కదా, ఆయనకూ అదే నియమం. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎలాగూ ఉండదు కాబట్టి కొత్తగా నష్టపోయేదేమీ లేదు.

కోర్టు రోజు. మామిడికాయల లారీలు రోడ్డంతా నిలిచిపోయి నేను ఆలస్యంగా చేరాను. నన్ను పిలిపించింది హకీం తరఫు వకీలు. ఉదయం ఇన్‌స్పెక్టరు సాక్ష్యం అయింది. గుడ్డ ఎలా మండిందని అడిగితే ఆయన గర్వంగా చెప్పాడట: "ఎర్రగా భగ్గుమనింది సార్. పొగ సూడలేకపోతిమి. కాన్‌స్టేబులు మీసానికి మసి అంటింది." ఆ ముక్క వకీలు నాకు వరండాలో చెప్పగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే రెండు నిమిషాలు ఆగండి.

తరువాత మెజిస్ట్రేటు హకీంను ప్రశ్నించాడు. ఈ పాత్ర నీదేనా? నాదే. దీంతో ఏం చేస్తావు? అర్కు దింపుతాను. అక్కడితో ఆపితే సరిపోయేది. ముసలాయనకు ఆ రోజు కోర్టు నిండా మనుషులు కనిపించారు.

"హుజూర్, ఇది అట్లాంటిట్లాంటి విద్య కాదు. మా ఉస్తాదులకు ఉస్తాదు ఒకాయనుండినాడు. ఆయన ఈ అంబీఖుతోనే రాగిని బంగారం చేసినాడు!"

కోర్టు గొల్లుమంది. సర్కారు ప్లీడరు మొహం దీపావళి అయింది. "సార్, సారాయి కేసుతోపాటు మోసం కేసు కూడా పెట్టొచ్చు. బంగారుపాళ్యంలో బంగారం చేస్తా ఉండాడంట!" హకీం వకీలు తల పట్టుకుని బెంచీమీద కూలబడ్డాడు.

అప్పుడు నన్ను బోనెక్కించారు.

సీసాల్లో ఆల్కహాలు లేదని చెప్పాను. సర్కారు ప్లీడరు లేచాడు. "మరి గుడ్డ ఎందుకు మండిందమ్మా? మూత వదులై ఆవిరైపోయి ఉండొచ్చు కదా?" మా పెద్దాయన వాక్యమే, అక్షరం పొల్లుపోలేదు. అది ఎక్కడినుంచి ఎక్కడికి ప్రయాణం చేసిందో నేను అడగలేదు.

"చూపించడానికి అనుమతిస్తే చూపిస్తాను" అన్నాను మెజిస్ట్రేటుతో. ఆయన తాగిన టీ తాలూకు తెల్ల సాసరు ఇంకా బల్లమీదే ఉంది. దాన్నే అడిగి తీసుకున్నాను. ఎందుకైనా మంచిదని మా లాబునుంచి తెచ్చిన అసలు సారాయిలో ఒక పేలిక ముంచి అంటించాను. నీలంగా, సద్దు లేకుండా మండింది. సాసరు పైన పట్టాను. తెల్లగానే ఉంది. తరువాత కోర్టులో ఉన్న ఓమం అర్కు సీసాలో పైతెట్టు మాత్రం తగిలేలా ఇంకో పేలిక ముంచాను. ఎర్రగా భగ్గుమని పొగ కక్కింది. సాసరు నల్లబడింది. మూడో పేలికను సీసా అడుగునుంచి గొట్టంతో తీసిన నీళ్లలో ముంచాను. అగ్గిపుల్ల ఆరిపోయింది కానీ పేలిక అంటుకోలేదు.

"మీసానికి మసి అంటిందని ఇన్‌స్పెక్టరుగారే చెప్పారు కదండీ. సారాయికి మసి రాదు. మండింది ఓమం నూనె. కింద ఉన్నవి నీళ్లు."

ఇన్‌స్పెక్టరు పక్కనున్న కాన్‌స్టేబులు తెలియకుండానే మీసం తడుముకున్నాడు.

ప్లీడరు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. "సీసా సంగతి వదలండి. పాత్ర సంగతేంది? సారాయి కాచే సామాను ఇంట్లో పెట్టుకోవడమూ నేరమే. ఈ పాత్రతో సారాయి కాయొచ్చా, కాయకూడదా? ఒక్క మాటలో చెప్పండి."

"కాయొచ్చు."

హకీం నావైపు చూసిన చూపు నాకింకా గుర్తు. మూడు తరాల శాపాలు ఉన్నాయి అందులో.

"చూసినారా సార్!" అన్నాడు ప్లీడరు.

"నేనింకా ముగించలేదు. మా లాబులో ఉన్నదాంతో ఇంకా బాగా కాయొచ్చు. దానికీ ఇదే సొరకాయ, ఇదే ముక్కు, ఇదే గొట్టం. దీన్ని పట్టుకుంటే ముందు మా పరీక్షాకేంద్రాన్ని పట్టుకోవాలి. తిరుపతి యూనివర్సిటీని పట్టుకోవాలి. జిల్లాలో కెమిస్ట్రీ చెప్పే ప్రతి కాలేజీ పెరట్లో గడ్డపార దించాలి."

"ఈయన బంగారం చేస్తానంటా ఉంటే మీరు కాలేజీ అంటారేందమ్మా?"

"చేస్తానన్లేదు. వాళ్ల ఉస్తాదు చేశాడన్నాడు. అదీ అబద్ధమే. ఆయన చేయలేదు, ఎవరూ చేయలేదు."

"అబద్ధం!" అని హకీం లేచాడు. వకీలు పంచె పట్టి కూర్చోబెట్టాడు.

మెజిస్ట్రేటు నన్ను చెప్పమన్నాడు. నేను చెప్పింది ఇంతే. ఆ రసవాదీ, ఆయన పేరుతో రాసినవాళ్లూ బంగారం కోసం వెతికారు, దొరకలేదు. కానీ వెతికే దారిలో కాచి ఆవిరి పట్టడం, వడగట్టడం, స్ఫటికాలు కట్టించడం, దేన్ని దేనితో కలిపితే ఏమవుతుందో చేతులతో చేసి చూసి రాయడం, ఇవన్నీ పద్ధతిగా పెట్టారు. చేసి చూడనివాడికి ఈ విద్య పట్టుబడదని గట్టిగా చెప్పినవాడాయన. ఆ పుస్తకాలు లాటిన్లోకి పోయాయి. యూరపులో వందల ఏళ్లు అవే దిక్కు. ఆయన పేరు తగిలించుకుని అక్కడివాళ్లు కొత్త పుస్తకాలు కూడా రాసుకున్నారు. బట్టీని ఆయన కనిపెట్టలేదు, అంతకుముందు గ్రీకుల దగ్గర ఉంది. కానీ దాన్ని పనిముట్టుగా మనదాకా చేర్చింది ఆ రసవాదుల వరసే. "ఆల్కహాలు లేదు అని నేను రాసిన నివేదికలో ఆల్కహాలు అన్నది కూడా అరబ్బీ మాటే. కంటికి పెట్టుకునే సుర్మానుంచి వచ్చింది. దాన్నీ జప్తు చేస్తారా?"

"మన రుషులు ఇయ్యన్నీ ఎప్పుడో చేసినారు" అన్నాడు ప్లీడరు.

"చేశారు. రసశాస్త్రం పుస్తకాలూ తెప్పించండి. ఈ గిన్నెకు ఇద్దరు తాతలని రాసుకుందాం. తాతలు ఎక్కువైతే గిన్నె దొంగదైపోదు కదా."

మెజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. "ఆ కూఫా పెద్దమనిషికి సమన్లు పంపాలంటే ఏ చిరునామాకు పంపాలమ్మా?"

"అవసరం లేదండీ. పాత్ర మీ ముందే ఉంది."

ఆయన పాత్రను తెప్పించి లోపలికి తొంగిచూశాడు. కళాయి మెరుస్తోంది, ఓమం వాసన కొడుతోంది. పైకెత్తితే అడుగు బొక్కలోంచి కిటికీ వెలుగు ఆయన మొహంమీద పడింది.

"ఈ బొక్క ఎవరు పెట్టినారు?"

"మామూలే సార్" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తరువాతి వాయిదాకు కేసు కొట్టేశారు. పాత్ర తిరిగి ఇచ్చేయమన్నారు. మా పెద్దాయన నాతో వారంపాటు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "ఆ సాసరు సంగతి నాకు ముందే చెప్పుంటే నేనూ వచ్చుండేవాణ్ణి కదమ్మా" అన్నాడు.

కొంతకాలానికి హకీం మళ్లీ మా గేటు దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు నిందితుడు కాదు కాబట్టి లోపలికి రానిచ్చాను. పాత్రకు చిత్తూరులోనే అతుకు వేయించి కళాయి పూయించాడట. నాకోసం ఒక సీసా తెచ్చాడు. థాంక్సు చెప్పలేదు. "బంగారం సంగతిలో మాత్రం నువ్వు తప్పు తల్లీ" అన్నాడు. నేను సీసా తిప్పి చూశాను. అదే చేతిరాత. కానీ "ఓమం వాటర్" అని ఉంది.

"అర్కు ఏమైంది?"

"వకీలు వద్దన్నాడు. ఆ మాట రాస్తే మళ్లీ వస్తారంట."

"అరే, గెలిచింది మనం! కోర్టే ఒప్పుకుంది. మీరే భయపడి తీసేస్తే నేను ఆడ గొంతు చించుకునిందంతా దేనికి?"

"గిన్నె ఇంటికొచ్చింది కదమ్మా. బిడ్డలకు కడుపునొప్పి తగ్గితే చాలు, పేరుతో ఏం పని? ఇంకోసారి గడ్డపార దిగితే అతుకుమీద అతుకు నిలబడదు."

ఆయనతో నేను గెలవని పోట్లాట అదొక్కటే. బోనులో గంటసేపు మాట్లాడి నేను ఆ పాత్రను కాపాడాను, మాటను కాపాడలేకపోయాను. ఆ మాట పన్నెండు వందల ఏళ్లు ఎడారులు దాటి, సముద్రాలు దాటి బంగారుపాళ్యందాకా వచ్చింది. ఒక గడ్డపార పోటుకు సీసామీదినుంచి దిగిపోయింది.

అప్పటినుంచి మా లాబులో ఎవరు కొత్తగా చేరినా మొదటి రోజు బర్నరు వెలిగించనిచ్చేదాన్ని కాదు. ముందు కాచే సామాను విప్పించి, ఇది ఖరా, ఇది అంబీఖు, ఇందులోంచి దిగేది అర్కు అని పేర్లు చెప్పి, మళ్లీ నాకు అప్పజెప్పించుకునేదాన్ని. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్లు. నేను ఉద్యోగం వదిలే ఏడాది చేరిన ఒక అమ్మాయి, ఐరాలనుంచి వచ్చిన పిల్ల, నాలాగే నోరున్నది, అంతా విని అడిగింది.

"ఇదంతా డిపార్టుమెంటు పరీక్షలో వస్తాదా మేడమ్?"

"పరీక్షలో రాదే. కోర్టులో వస్తుంది."